అత్తగారి పేరు రాసిన డబ్బీ

మా అత్తగారు తోమెకు నూట రెండేళ్లు. నాకు డెబ్భై నాలుగు. నలభై తొమ్మిదేళ్లుగా ఈ కొండ ఊళ్లో ఆవిడకు వండిపెడుతున్నాను. చేప ముక్క, గుడ్డు ఆవిడకు. అడుగున మిగిలిన బార్లీ అన్నం, ముల్లంగి ఆకు ఊరగాయ నాకు. మా ఆయన పోయాక వడ్డించాల్సిన పళ్లెం ఒకటి తగ్గిందే కానీ వరస మారలేదు.

కిందటేడు చెర్రీలు పూసే రోజుల్లో ఊరి నర్సు హొరికావా ఒక చిన్న డబ్బీ పట్టుకొచ్చింది. నూరేళ్లు దాటినవాళ్ల మలాన్ని విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షిస్తారట. డబ్బీ మీద అత్తగారి పేరు ముందే రాసి ఉంది.

"ఛీ, నా అశుద్ధం పరాయివాళ్లకు పంపిస్తానా?" అంది అత్తగారు, నర్సు గడప దాటగానే.

ఊళ్లో నూరేళ్లు దాటిన మిగతా నలుగురూ ఇచ్చారు. మేమొక్కళ్లమే ఇవ్వకపోతే నర్సు మొహం చిన్నబోతుంది. కాలవలు శుభ్రం చేసే రోజున ఆడవాళ్లంతా చేరి చెవులు కొరుక్కుంటారు. మా ఊళ్లో మొహం మీద కాదనడం కంటే అబద్ధమాడటమే మర్యాద. మర్నాడు పొద్దున్నే ఆ డబ్బీలో నాది పెట్టి, పాత పేపరు చుట్టి ఇచ్చేశాను. అత్తగారు చూస్తూనే ఉంది.

ఆకులు ఎర్రబడే వేళకు నర్సు రొప్పుతూ వచ్చింది.

"తోమె బామ్మా, అందరిలోకీ మీ కడుపే గొప్పదట. కొవ్వు అరగడానికి కాలేయం పిత్తరసం చేస్తుంది కదా, అందులో కాస్త పెద్దపేగు దాకా జారుతుంది. అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని వేరే రకం ఆమ్లంగా మారుస్తాయి. మీ కడుపులోవి చేసే ఆమ్లం ముందు చెడ్డ క్రిములు తలెత్తలేవట."

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. తర్వాత నర్సు వైపు తిరిగి, "మితంగా తిన్నాను, ఒకళ్లను చూసి ఏడవలేదు. అంతేనమ్మా" అంది.

సొమ్మొకడిది, సోకొకడిది. నెల తిరక్కుండా మహిళా సంఘం వాళ్లు అమ్మకానికి నేను పెట్టిన ఊరగాయ పొట్లాల మీద ఆవిడ ఫోటో అచ్చేయించారు. నిజం చెబితే అబద్ధాలకోరును నేనే.

చలికాలంలో నాకు నిమోనియా వచ్చింది. మందులతో ఊపిరితిత్తులు బాగుపడ్డాయి, కడుపు పాడైంది. రోజుకు పదిహేనుసార్లు విరేచనాలు. నెలన్నరలో పదకొండు కిలోలు తగ్గాను.

"ఆ మందులు మంచి క్రిముల్ని కూడా చంపేశాయి. పిత్తరసాన్ని మార్చే నాథుడు లేడు. మారకుండా మిగిలిన దాంట్లో ఈ చెడ్డ క్రిమి మొలకెత్తుతోంది" అన్నాడు డాక్టరు ఇనగాకి. "రెండుసార్లు అణిచాం, రెండుసార్లూ తిరగబెట్టింది. మూడోసారికి మీరు తట్టుకోలేరు. విశ్వవిద్యాలయంలో మీ అత్తగారిది మంచులో భద్రం చేసి ఉంచారు. అది మీ పేగులోకి ఎక్కిస్తే నిలబడొచ్చు. ఆవిడ ముద్ర వేసిన కాయితం ఒక్కటి కావాలి."

"డబ్బీ మీద పేరు తప్పు పడిందనుకోండి, ఏం చేస్తారు?" అని అడిగాను.

"పారేస్తాం. ఎవరిదో తెలియనిది మనిషిలోకి ఎక్కించం."

ఇంక నిజానికి దారి లేదు. నర్సు భుజం పట్టుకుని ఇంటికి వెళ్లాను. అత్తగారు రజాయి కప్పిన వెచ్చటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. నర్సు విషయం చెప్పి కాయితం ముందు పెట్టింది. సంతకానికి బదులు వేసే, పేరు చెక్కిన ముద్ర ఎప్పటిలాగే ఆవిడ నడుము గుడ్డలో ఉంది.

"నోటితో అడుగు. నర్సమ్మ కూడా వింటుంది" అంది.

చాప మీద నుదురు ఆనించాను. "అత్తయ్యా, మీ కడుపులోది కాస్త నాకు ఇప్పించండి."

"వినపడలేదే."

వంటింట్లో నేను గుడ్డు పగలగొడితే పడగ్గదిలో వినపడుతుంది ఆవిడకు. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగాక ముద్ర వేసింది.

"కోడలివి కనక ఇస్తున్నా. పరాయిదానివైతే ఇచ్చేదాన్ని కాదు."

నర్సు కళ్లు తుడుచుకుంది. ఆ క్షణంలో నాకు చావే మేలనిపించింది. కానీ చావడానికి మనసొప్పలేదు.

బతికాను. నాది నాకు ఎక్కించారు, కడుపు కుదుటపడింది. ఊరంతా అత్తగారి చలవ అన్నారు. ఆవిడకు చేప ముళ్లు తీసిపెడుతూ, అడిగినవాళ్లందరికీ నేనూ అదే చెప్పాను.

కిందటి మంగళవారం నర్సు ఇంకో డబ్బీ తెచ్చింది. దాచింది అయిపోయిందట, ఊరికి మరికాస్త పుణ్యం చెయ్యమంది.

"కోడలికివ్వు. అదే చూసుకుంటుంది" అంది అత్తగారు, టీ చప్పరిస్తూ.

రెండు చేతులతో అందుకున్నాను. తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను.

"ఇప్పుడు నా కడుపులో ఉన్నదంతా మీరు దానం చేసిందే కదా అత్తయ్యా. అసలుది మీరే ఇవ్వాలి. నర్సమ్మ పక్కనుండి సాయం చేస్తుంది."

నర్సు ఎంత వినయమో అని మురిసిపోయింది. అత్తగారు టీ కప్పు కింద పెట్టేసింది. నేను వంటింట్లోకి వెళ్లి, ఆవిడ కోసం తెచ్చిన చేప ముక్క వేయించుకుని తిన్నాను.