తలుపు సందులో పడ్డ వేళ్లు

నా కుడిచేతి మూడు వేళ్లు రేకులు వంచే ప్రెస్సు మిషన్‌లో నలిగాయి. ఆస్పత్రిలో మాత్రం "ఇంట్లో తలుపు సందులో పడ్డాయండీ" అని చెప్పాను. నా నోటితో నేనే! అలా చెప్పమని వ్యాన్‌లో నా చెవిలో ఊదింది మా లైను పెద్ద. ఆవిణ్ణి అందరం పెద్దక్కా అంటాం.

మా షెడ్డులో ఒక బోర్డుంది. ప్రమాదం లేని రోజులు మూడొందలు నిండితే లైనంతటికీ ప్రెషర్ కుక్కర్లిస్తారు. ఆ రోజుకి రెండొందల తొంభై ఆరు. నెత్తురు కారుతుంటే నేను ఏడ్చింది వేళ్ల కోసం కాదు, నా మూలంగా నలభైమందికి కుక్కర్లు పోతాయని! ఇంత తెలివితక్కువది ఇంకెక్కడైనా ఉంటుందా?

మూడు వారాలకి డాక్టరు కట్టు విప్పి చూసి పెదవి విరిచాడు. తెగిన నరాలు కలపడానికి ఇంకో ఆపరేషన్ కావాలట. ఈ నెల దాటితే ఆ వేళ్లు ఇక ముడుచుకోవట. ఆ ఖర్చు అడగడానికి కంపెనీకి పరిగెత్తాను. "ఇంట్లో తగిలిన దెబ్బకి మాకేం సంబంధం?" అని మేనేజరు నా మాటలున్న ఆస్పత్రి కాగితం నా మొహం మీదే ఊపాడు.

"నా మీద లేచే నోరు అక్కడేమైందే?" అన్నాడు మా ఆయన.

కేసు పెడితే నష్టపరిహారం ఆఫీసరు సాక్షిని తెమ్మన్నాడు. పెద్దక్క ఇంటికెళ్లి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ "చూద్దాంలే" అంది, అంతే. ఎనిమిది నెలల్లో రిటైరవబోయే మనిషి నా కోసం నోరు విప్పుతుందా? దారి పొడుగునా ఆవిడ మీద దుమ్మెత్తి పోస్తూ ఇల్లు చేరాను.

విచారణ రోజు పెద్దక్క యూనిఫారంలో, చేతులకి గ్లవుజులతోనే వచ్చింది. మేనేజరుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మిషన్‌లోనే పడ్డాయండీ. వేళ్లు బయటికి తీసింది నేనే. తలుపని చెప్పమన్నదీ నేనే. దాని తప్పేం లేదు."

"అమ్మా, ఆలోచించుకుని మాట్లాడండి" అన్నాడు మేనేజరు.

"ఇరవయ్యారేళ్లు ఆలోచించుకునే మాట్లాడాను సార్. అందుకే ఇలా తగలడింది."

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఇలాగే గుడ్డ చుట్టి ఇంటికి పంపిన పదకొండుమంది పేర్లూ వరసగా చెప్పింది. ఆఫీసరు రాసుకుని, "అంతేనా?" అన్నాడు.

ఆవిడ ఎడమచేతి గ్లవుజు తీసి బల్ల మీద పెట్టింది. ఉంగరపు వేలు కర్రలా నిలబడి ఉంది. పదేళ్లు పక్కన పనిచేసి నేనెప్పుడూ చూడలేదు, నా కళ్లు కాకులెత్తుకుపోనూ!

"నాకు వైద్యం గడువు దాటిపోయి పదిహేడేళ్లయింది. ఈ పిల్ల వేళ్లకింకా ఆరు రోజులుంది. తొందరగా రాయండి సార్."

ఆపరేషన్ ఖర్చు కంపెనీయే పెట్టాలని రాసి ఆఫీసరు అప్పటికప్పుడే సంతకం చేశాడు. కంపెనీ కూడా అంతే తొందరగా మర్నాడే పెద్దక్కని పనిలోంచి ఆపేసింది. ఆ సంగతి విని కుళ్లికుళ్లి ఏడ్చాను. అంత గుండె నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

గురువారం నన్ను ఆపరేషన్ గదికి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ పక్కనే నడుస్తూ వచ్చింది.

"అక్కా, నువ్వు ఇంటికెళ్లు. చాలాసేపు పడుతుందట."

"పట్టనీవే. నాకిప్పుడు వేరే పనేముంది గనక?"