అతికించిన నవ్వు

కరీంనగర్‌లో మధులిక నడిపే సకినాల కంపెనీకి ఆరేళ్లుగా ఒక ముసలామె ముఖమే గుర్తు. ప్యాకెట్ మీద, వెబ్‌సైట్‌లో, సరుకు మోసే ఆటో వెనకాల ఆమె నవ్వుతూ ఉంటుంది. ఎవరని అడిగితే మధులిక మొదట్లో మాట దాటేసేది. అమ్మకాలు పెరిగాక "మా నాయనమ్మ" అనడం అలవాటైంది. చెప్పగా చెప్పగా ఆ ముసలామె తనకు జడ వేసినట్టు, అన్నం కలిపి పెట్టినట్టు జ్ఞాపకాలు కూడా పుట్టుకొచ్చాయి. అసలు నాయనమ్మ ముఖం ఎప్పుడు చెరిగిపోయిందో ఆమెకు తెలియనే లేదు.

హైదరాబాద్ దుకాణాలకు సరుకు పంపేందుకు పెట్టుబడి పెడతానన్న మేనబావ సంతోష్‌రావు ఒకరోజు ప్యాకెట్ తిప్పి చూశాడు.

"గీ బొమ్మ ఏడికెల్లి తెచ్చినవ్ మధూ?"

"నెట్‌ల దొరికింది బావా. మా డిజైనర్ హనుమండ్లు తెచ్చిండు."

"మరి టీవీల నాయనమ్మ అంటివి! నీకు నాయనమ్మ అయితే నాకు అమ్మమ్మనే గదనే. నేను గుర్తువట్టనా?" అని పకపకా నవ్వాడు. తర్వాత గొంతు మారింది. "కంపెనీ పెద్దగ కావాల్నంటే పేరూ బొమ్మా మనయి ఉండాలె. లేకుంటే అంత కిరాయి ఇంట్ల సంసారమే. గామె మనుషులను వెతికి సంతకం తీసుకరా. అప్పటిదాంక నా పైసలు రావు."

మధులిక ఆ బొమ్మను ఫోన్‌లో పెట్టి వెతికింది. అదే ముఖం ఒక నూనె డబ్బా మీద, మోకాళ్ల మందు ప్రకటనలో, శుభోదయం అనే సందేశాల మీద కనిపించింది. నవ్వుతున్నవన్నీ తన ప్యాకెట్ తర్వాతివే. వెనక్కి పోయేకొద్దీ బొమ్మ చిన్నదవుతూ, రంగు వెలిసిపోతూ వచ్చింది. అన్నిటికన్నా పాతది నస్పూర్‌కు చెందిన ఒక శ్రద్ధాంజలి. పేరు లస్మవ్వ. చుట్టూ పూలదండ. పెదాలు బిగించి ఉన్నాయి.

ఆరేళ్ల కింద "జర నవ్వుతున్నట్టు చెయ్యి" అని హనుమండ్లుకు చెప్పింది తనే. అతను దండ తీసేసి, పెదాల చివరలు పైకి లేపాడు.

నస్పూర్‌లో లస్మవ్వ కొడుకు లక్ష్మణ్, బొగ్గుబావి కార్మికుడు, మధులికను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. తిట్లు పడడానికి సిద్ధపడి వచ్చిన ఆమెకు ఆ మర్యాద భయం పుట్టించింది.

"మీ ప్యాకెట్ ఎప్పుడో చూసినం మేడం. మా అవ్వ సకినాలు ఏనాడు చెయ్యలే. చెయ్యుమంటే తిట్టేది," అని నవ్వాడు. "సంతకం ఏడ వెట్టాలె?"

అతని బిడ్డ దీపిక గోడ మీది ఫొటో వైపు వేలు చూపించింది. "బాపూ, గామె మంచిగ లేదు, తీసెయ్యి. ప్యాకెట్ మీదున్నామెనే నాయనమ్మ."

లక్ష్మణ్ కలం అందుకున్నాడు. మధులిక కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"వద్దు అన్నా. బొమ్మ తీసేస్త."

"మరి మీ ధందా?"

"ఖరాబైతే కానీ." కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ ముఖం లేని కంపెనీకి బావ పైసలు ఇక రావని తెలుసు. కనీసం ఒక్కసారైనా అసలు మనిషిని చూడాలనిపించింది. "నిజంగ ఎట్లుండేది అన్నా ఆమె?"

లక్ష్మణ్ కళ్లు మూసుకున్నాడు.

"మస్తు గట్టి మనిషి. పెదాలు గిట్ల బిగవట్టి..." ఆగిపోయాడు. మళ్లీ వెతుకుతున్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి.

"నవ్వుతుంది మేడం," అన్నాడు, కళ్లు తెరవకుండానే.