కూత ఆగిన తర్వాత

మోడెమ్ కూత విని, అందులో పోతున్న ఈమెయిల్ ఉత్తరాన్ని చదవగలిగిన మనిషి మట్టయ్య ఒక్కడేనని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అందరూ నమ్ముతారు. ఇళ్ళలోకి ఇంటర్నెట్ టెలిఫోను తీగ మీదుగా వచ్చిన రోజుల్లో ఈ మూడు ఊళ్ళలోనూ అతను లైన్‌మన్‌గా పనిచేశాడు.

ఆ మంగళవారం ఉదయం, ఎప్పటిలాగే, మట్టయ్య సూర్యాపేటలోని తన ఇంటి వరండాలో గోనెపట్టా పరిచి పనిముట్లు తుడుస్తున్నాడు. ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్ళయినా ఆ అలవాటు వదలలేదు. నిచ్చెన మోసి మోసి ఎడమ భుజం రెండంగుళాలు కిందికి జారింది. రాగి తీగ కోసిన సన్నని గాట్లు వేళ్ళ నిండా తెల్లగా మెరుస్తాయి. పట్టుకారు, స్క్రూడ్రైవర్, లైను పరీక్షించే నల్లటి ఫోను వరుసగా సంచిలోకి వెళ్ళాయి. వాటి పైన ఆ రోజు ఒక పాత టేప్‌రికార్డరు, ఒక క్యాసెట్టు చేరాయి.

భార్య ఈదమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఇరవై నాలుగేండ్లు అల్మారల పండబెట్టినవ్. ఇయ్యాల యాదికొచ్చిందా?"

"గుండెల నరం పూడిందన్నడు గదా డాక్టరు," అన్నాడు మట్టయ్య తల ఎత్తకుండా. "నా అబద్ధం నాతోనే పోతె, మిర్యాలగూడల ఆమెకు నిజం ఎవరు సెప్తరు?"

ఈదమ్మ వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది.

అతను కూత చదువుతాడన్న ఆ నమ్మకం పుట్టింది కోదాడలో. ఒక వకీలు ఇంట్లో మోడెమ్ కూత విని, "ఈ ఉత్తరం పోదు సారూ" అన్నాడు మట్టయ్య. అది పోలేదు. వీధి చివర కేబుల్ జాయింటులోకి వాన నీళ్ళు దిగాయని ఆ కూతలోని బొంగురును బట్టి అతనికి తెలిసింది, అంతే. వారం తిరగకముందే, ఆ ఉత్తరంలో ఏముందో కూడా మట్టయ్య చెప్పేశాడని ఊరంతా అనుకుంది. అతను కాదనలేదు. ఎండలో స్తంభాలెక్కే మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టడం అప్పుడే మొదలైంది మరి.

మిర్యాలగూడలో ధాన్యం కమీషన్ వ్యాపారి ప్రభాకర్ ఇంటికి కనెక్షన్ ఇచ్చింది కూడా అతనే. పసిబిడ్డ తొలి మాటలు పట్టుకున్నట్టు, ప్రభాకర్ ఆ సాయంత్రం మోడెమ్ పక్కన టేప్‌రికార్డరు పెట్టి మొదటి కూతను రికార్డు చేశాడు. ఆ తర్వాత తన తొలి ఉత్తరం రాశాడు. ఎవరికని భార్య సత్యవతి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. తొమ్మిదో రోజున అతని స్కూటర్‌ను లారీ గుద్దింది. పాస్‌వర్డు అతనితోనే పోయింది. వాడకం లేక ఆ ఖాతా మూతపడింది. ఆ ఉత్తరం ఎవరికన్నదానికి ఊళ్ళో కొందరు తమకు తోచిన ఆడపేర్లు చెప్పుకున్నారు.

నెల తిరగకముందే సత్యవతి ఆ క్యాసెట్టు తెచ్చి, ఉత్తరం ఎవరికో విని చెప్పమని మట్టయ్య చేతిలో పెట్టింది. అది తన వల్ల కాదని ఆ క్షణమే చెప్పి ఉండవలసింది. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాడు. శబ్దం మసకగా ఉందని, సమయం పడుతుందని అన్నాడు. ఆమె మొదట్లో నెలనెలా ఫోను చేసేది, తర్వాత ఏడాదికొకసారి. ఎవరికని మాత్రమే అడిగేది, ఏం రాశాడని ఎన్నడూ అడగలేదు.

ఆ మంగళవారం ముందు కోదాడలో పని ఉంది. ఫైబర్ వేస్తున్న కుర్రాళ్ళకు పాత కేబుళ్ళ దారి చూపించాలి. నేల కింద ఏది ఎక్కడ మలుపు తిరుగుతుందో ఏ కాగితంలోనూ లేదు, మట్టయ్య పాదాలకు తెలుసు. కర్రతో గీత గీస్తూ నడిచాడు. తవ్విన చోట తెగిన పాత కేబులు నోరు తెరుచుకుని ఉంది. లోపల నీలం, నారింజ, ఆకుపచ్చ తొడుగుల్లో వంద జతల తీగలు.

"తాతా, ఈ ఫైబర్‌లో పోయేది కూడా వినపడుద్దా నీకు?" అన్నాడొకడు.

"దీనికి గొంతు లేదు బిడ్డా."

అందరూ నవ్వారు. మట్టయ్య వంగి ఒక రాగి తీగను వేళ్ళ మధ్య నలిపాడు. మనిషి మాట కోసం వేసిన తీగ ఇది. ఒకదానికొకటి ఎన్నడూ ఎదురుపడని రెండు యంత్రాలు ఇదే తీగ మీద కలుసుకునేవి. నువ్వెంత వేగం తట్టుకుంటావు, దారిలో ప్రతిధ్వని ఎంత అని కూతలతోనే అడిగి, చెప్పుకుని, అరనిమిషంలో ఒప్పందానికి వచ్చేవి. అందులో మంత్రం లేదని అతనికి తెలుసు. తెలిసినకొద్దీ ఆశ్చర్యం పెరిగింది తప్ప తరగలేదు.

మధ్యాహ్నం మూడింటికి మిర్యాలగూడ చేరాడు. సత్యవతి జుట్టు పూర్తిగా నెరిసింది. కుర్చీ వేసింది. మట్టయ్య కూర్చోలేదు.

"నాకు సదువ రాదమ్మా. ఎవరికీ రాదు. అండ్ల ఉత్తరం లేనే లేదు. నీకు అబద్ధం సెప్పిన."

"ఇన్నేండ్లా అన్నా?" అందామె.

జవాబుగా అతను క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. తన మాట నమ్మమనడం అతనికి ఇష్టం లేదు, ఆమెకు రుజువు చూపించాలనుకున్నాడు. డయల్ టోను, అంకెల చప్పుడు, సన్నని ఈల, ఆపైన రేకుల మీద వాన పడుతున్నట్టు హోరు. హోరు టక్కున తెగింది.

"అగో, ఆగింది. గిది పలకరింపు మాత్రమే. లైను కలవంగనే మోడెమ్ నోరు మూసుకుంటది. ఉత్తరం ఇగ పోతది, మనకు వినపడదు. సూడు, ఇక్కడి నుంచి అంతా ఖాళీ."

ఖాళీని చూపించడానికే అతను టేపును నడవనిచ్చాడు. ఈ చోటు దాటి అతను గానీ, ఆమె గానీ ఎన్నడూ వినలేదు. కూత ఆగగానే ఇద్దరూ వెనక్కి తిప్పేవాళ్ళు.

కుర్చీ కిర్రుమంది. టక్. కొంత ఆగి, మళ్ళీ టక్. అలవాటు లేని వేలు కీబోర్డు మీద ఒక్కొక్క మీటను వెతుక్కుంటోంది. వేలితోపాటు ఒక గొంతు మాటలను కూడబలుక్కుంటోంది.

"సత్యకు..." టక్, టక్. "రాయునది... ఏమనగా..."

దూరంగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఆనాడు ఆమె ఆ కుక్కర్ దగ్గరే ఉంది. విజిల్ ఆగేలోపు టేపు అయిపోయింది.

సత్యవతి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకేనా," అంది. అది ప్రశ్న కాదు.

మట్టయ్య అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. ఖాళీ అని ఇన్నేళ్ళు గట్టిగా తెలిసి ఉండడం వల్లనే ఆ తర్వాతది తాను వినలేదని అతనికి అర్థమైంది. ఆమె ఇచ్చిన టీ తాగి, టేప్‌రికార్డరును అక్కడే వదిలి లేచాడు.

సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పుట్టిన ఊరు పెన్‌పహాడ్ దాటేవరకు అతను బయటికి చూస్తూనే ఉన్నాడని పక్కనున్నావిడ తర్వాత చెప్పింది. సూర్యాపేట బస్టాండులో అందరూ దిగారు. కండక్టరు వచ్చి భుజం తట్టాడు, మళ్ళీ తట్టాడు. మట్టయ్య కళ్ళు తెరవలేదు. సంచి ఒళ్ళోనే ఉంది. రొట్టెల్లో ఒకటి మిగిలింది.

మట్టయ్య ఎట్టకేలకు ఆ కూతను చదివి, ఉత్తరం ఎవరికో చెప్పి పోయాడని మూడు ఊళ్ళూ ఇప్పుడు చెప్పుకుంటున్నాయి. సత్యవతి ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద అతని టేప్‌రికార్డరు ఉంది. అందులోని క్యాసెట్టులో కూత ఇరవై ఆరు సెకన్లు, దానిలో ఒక్క అక్షరమూ లేదు. ప్రభాకర్ మొదటి అక్షరం నొక్కింది అది ఆగిన తర్వాతే.