సభకు ముందే వచ్చిన వార్త

పాత్రికేయుల క్లబ్బులో నెలకోసారి పుస్తక సభ జరుగుతుంది. పుస్తకం చదవనివాళ్లు పుస్తకం గురించి మాట్లాడే చోటని దానికి ఊళ్లో పేరు. పాపం, వాళ్లను అని లాభం లేదు. రోజంతా అక్షరాలతో కుస్తీ పట్టి వచ్చినవాళ్లకు సాయంత్రం పూట మరో లావుపాటి పుస్తకం చూపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని వెనక అట్ట మీది నాలుగు మాటలు చదివి, వాటినే సాగదీసి, టీ వచ్చేదాకా ఎలాగో లాక్కొస్తారు.

క్లబ్బు కార్యదర్శి వీళ్లందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. ఆయన సభ జరగకముందే సభ వార్త రాసేస్తాడు. అందుకే ఆయన్ని అందరూ ముందుచూపు అంటారు. మధ్యాహ్నం భోంచేసి, పాత సభ వార్త ఒకటి తెరిచి, పుస్తకం పేరూ మనిషి పేరూ మార్చి, కరతాళధ్వనుల జోలికి మాత్రం పోకుండా, తను పనిచేసే పత్రిక డెస్కుకు పంపిస్తాడు. పైన ‘సభ అయ్యాక వాడండి’ అని ఒక ముక్క పెడతాడు. ఇదేం పద్ధతండీ అని ఎవరైనా అడిగితే, చప్పట్లు లేని సభ నువ్వెక్కడైనా చూశావా అని ఎదురడుగుతాడు.

ఆ నెల సభ కోర్టమ్మది. ఏళ్ల తరబడి కోర్టు వార్తలే రాయడం వల్ల వచ్చిన పేరది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడదు. వాయిదాల కోసం కోర్టు వరండాలో కూర్చునే మనుషుల మీద ఆమె ఒక పుస్తకం రాసింది. మొదటి పుస్తకం. సాయంత్రం సభకు ఏ చీర కట్టుకోవాలో తేలక, చివరికి రోజూ కోర్టుకు కట్టుకెళ్లే చీరే కట్టుకుంది.

క్లబ్బు మెట్ల దగ్గరే ముందుచూపు ఎదురొచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. నీళ్లు నములుతూ ఫోను ఆమె చేతిలో పెట్టాడు. డెస్కులో ఎవరో కొత్తవాళ్లు పైనున్న ముక్క చూసుకోకుండా వార్తను వెబ్‌సైట్‌లో పెట్టేశారట. కోర్టమ్మ అక్కడే నిలబడి, తను ఇంకా చేయని ప్రసంగం చదువుకుంది. బాగానే మాట్లాడినట్టుంది. సభికులు కూడా మెచ్చుకున్నారు. నవ్వొచ్చింది ఆమెకు. మూడో పేరాకు వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది. ‘వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించిన తొలి గురువు తన తండ్రేనని రచయిత్రి గద్గద స్వరంతో అన్నారు’ అని ఉంది అక్కడ. ఆ తండ్రి కిందటి నెల సభలో మాట్లాడిన కవిగారి తండ్రి. పేరు మారింది గానీ, నాన్న మారలేదు.

తప్పు ఇంకెవరి విషయంలో దొర్లినా రెండు రోజులు నవ్వుకుని మరిచిపోయేవాళ్లు. కోర్టమ్మ నాన్న సంగతి వేరు. ఆయన ఊళ్లో పేరున్న పత్రికకు న్యూస్ ఎడిటరుగా చేసి రిటైరైన మనిషి. అనని మాట అన్నట్టు రాసినవాడు రిపోర్టరే కాదని కొత్తగా చేరిన ప్రతివాడికీ నూరిపోసినవాడు. కోర్టమ్మ ఉద్యోగం మొదలుపెట్టిందీ ఆయన చేతి కిందే. ఒకసారి పత్రిక యజమానుల బంధువుల కేసు మీద ఆమె రాసిన వార్తను ఆయన, తర్వాత చూద్దాంలే అంటూ సొరుగులో పెట్టారు. ఎంత అడిగినా ఆ సొరుగు తెరవలేదు. ఆమె రాజీనామా ఇచ్చి, ఆ వార్తనే పోటీ పత్రికలో వేయించింది. ఇక నీ పేరున్న కాగితం ముట్టనని ఆయన అన్నారు. ఆనాటి నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. ఆమె పుట్టింటికి వెళ్తే ఆయన లేచి తన గదిలోకి వెళ్లిపోతారు. ఇద్దరి క్షేమ సమాచారాలూ అటూ ఇటూ చేరవేసే వార్తాసంస్థ అమ్మ ఒక్కతే. జీతం లేదు, సెలవూ లేదు.

ముందుచూపు అసలు సంగతి అప్పుడు బయటపెట్టాడు. పెద్దాయన లోపల కూర్చున్నారు. అమ్మ ఫోనులో వార్త చదివి వినిపించిందట. సభ సాయంత్రం కాబట్టి, కూతురు ప్రసంగం ముందే రాసిచ్చిందనుకుందట. పెద్దాయన విని లేచి, చొక్కా మార్చుకుని, పద అన్నారట.

కోర్టమ్మ తలుపు సందులోంచి చూసింది. హాల్లో ముందు వరసలో ఇద్దరూ ఉన్నారు. నాన్న గడ్డం గీసుకుని వచ్చారు. చెవి సరిగా వినపడక కాబోలు, కుర్చీని వేదిక వైపు కొంచెం జరుపుకున్నారు. పక్కన అమ్మ మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్ల తన చాకిరీ ఇవాళ్టికి గట్టెక్కిందన్న నమ్మకం ఆ మొహం నిండా ఉంది. చూసేసరికి కోర్టమ్మకు దుఃఖం వచ్చింది.

ముందుచూపు గొంతు తగ్గించి బతిమాలాడు. “ఆ ఒక్క మాట అనేయండి మేడమ్. మీరు అంటే వార్త నిజమైపోతుంది, పెద్దాయన సంతోషిస్తారు. ఎవరికీ నష్టం లేదు కదా.”

నిజంగానే ఎవరికీ నష్టం లేదు. అదే ఆమెను పట్టుకుని పీడించింది. ఒక్క వాక్యం. అనేస్తే నాన్న తిరిగి దొరుకుతాడు. అనకపోతే ఇంతమందిలో ఆయన తల తీసేసినట్టవుతుంది, మళ్లీ ఈ జన్మలో తన మొహం చూడరు. కానీ అది అబద్ధం. అక్షరాలు దిద్దించింది అమ్మ. ఆయన రాత్రంతా ఆఫీసులో ఉండి తెల్లారి ఇంటికొచ్చి పడుకునేవారు. పిల్లలు చప్పుడు చేయకుండా మునివేళ్ల మీద నడిచేవాళ్లు. అబద్ధం చెప్పి తెచ్చుకున్న నాన్న ఎన్నాళ్లుంటాడు? పైగా ఆయన అబద్ధాన్ని ఆమడ దూరం నుంచే పసిగట్టే మనిషి.

సభ మొదలైంది. అధ్యక్షులవారు వెనక అట్ట మీది మాటల్ని వీలైనంత సాగదీశారు. తర్వాత మాట్లాడినాయన, కోర్టుల గురించి మంచి నవల రాశారని పొగిడారు. అది నవల కాదని చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆ పొగడ్తలేవీ కోర్టమ్మ చెవికెక్కలేదు. తన వంతు రాగానే లేచి మైకు దగ్గరికి వెళ్లింది. రాసి తెచ్చుకున్న కాగితం మడిచి పక్కన పెట్టేసింది.

“నేను మధ్యాహ్నమే మాట్లాడేశానని వార్త వచ్చింది,” అంది. హాలంతా నవ్వింది. ముందుచూపు నేల చూపులు చూశాడు. “అందులో ఒక మాట తప్పు. నాకు అక్షరాలు దిద్దించింది నాన్న కాదు, అమ్మ.”

నవ్వులు ఆగిపోయాయి. అమ్మ చేయి నోటి మీదికి వెళ్లింది. నాన్న తల దించుకున్నారు. అయినా కోర్టమ్మ ఆపలేదు. ఆపితే ఆ సగం మాటే మిగిలిపోతుందని భయం.

“నాన్న నాకు నేర్పిందేమీ లేదు. కొట్టేసేవారంతే. నేను రాసిన వార్తలో సగం కొట్టేసి ఇచ్చేవారు. ఎందుకో చెప్పేవారు కాదు. వేరే పత్రికకు వెళ్లాక కొట్టేసేవాళ్లు లేకపోయారు. దాంతో ఇది నాన్న చూస్తే ఏం కొట్టేస్తారా అని ఆలోచించి, అది నేనే కొట్టేయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అంతే. ఈ పుస్తకం కూడా అలాగే రాశాను. నా పేరున్న కాగితం ముట్టనని ఆయన అన్నారు. నేను మాత్రం ప్రతి పేజీ ఆయన చదువుతారనే రాశాను.”

ఇంకేం చెప్పాలో తెలియక, నమస్కారం పెట్టి కూర్చుంది. చప్పట్లు కొట్టాలో వద్దో సభికులకు అర్థం కాలేదు. అధ్యక్షులవారు సర్దుకుని, ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చన్నారు. ఈ క్లబ్బులో ఆ మాట అన్నారంటే టీ వచ్చిందని లెక్క. సగం మంది లేవబోయారు.

ముందు వరసలో నాన్న చెయ్యెత్తారు.

లేవబోయినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. ముందుచూపు పరుగున వెళ్లి మైకు అందించాడు. పెద్దాయన నిలబడ్డారు. కూతురితో నేరుగా మాట్లాడి ఎన్నాళ్లయిందో, ఎలా మొదలుపెట్టాలో తెలియనట్టు మైకును కాసేపు అటూ ఇటూ తిప్పారు.

“కేసు కొట్టేసినా వాయిదాలకు వస్తూనే ఉండే ముసలాయన ఒకాయన ఉన్నాడు కదా, నీ పుస్తకంలో,” అన్నారు. “చివర్లో ఆయన రావడం మానేశాడన్నావు. అక్కడితో ఆపేశావు. తర్వాత ఏమైంది?”

కోర్టమ్మ అమ్మ వైపు చూసింది. నాన్న పుస్తకం చదివారన్న వార్త ఈ వార్తాసంస్థకు కూడా అందినట్టు లేదు. అమ్మ నోరు తెరిచి ఆయన్నే చూస్తోంది.

“అంతే నాన్నా,” అంది కోర్టమ్మ. “ఆయన ఏమయ్యాడో నాకూ తెలీదు. నేనే చాలా రోజులు వరండాలో ఆయన బల్ల వైపు చూడలేకపోయాను. ఒకరోజు వెళ్లి ఆయన కూర్చునే చోట కూర్చుని ఏడ్చాను. అదంతా రాసి, తీసేశాను.”

“ఎందుకు?”

“రిపోర్టరు ఏడుపు వార్త కాదు అనేవారు కదా మీరు. కొట్టేస్తారనుకున్నాను.”

పెద్దాయన పక్కనున్న అమ్మ భుజం పట్టుకున్నారు. అది తూలకుండా నిలబడడానికో, మరెందుకో చెప్పడం కష్టం.

“అప్పుడైతే కొట్టేసేవాణ్ణే,” అన్నారు. “ఇప్పుడు కొట్టను. ఆ పేరా లేక పుస్తకం కుంటుతోంది. ఉందా, పారేశావా?”

“ఉంది నాన్నా. రేపు తెస్తాను.”

“రేపెందుకు? దారిలో మీ ఇంటి దగ్గర ఆగి తీసుకుందాం,” అన్నారాయన, మైకు ముందుచూపు చేతికి ఇచ్చేస్తూ. “మాతో వచ్చేయ్.”