ముందొచ్చిన మినుకు

ఈ టీలో చక్కెర వేశారా లేదా, వేసే ఉంటారు, మర్రకేష్‌లో చక్కెర లేని పుదీనా టీ ఎవడిస్తాడు, అయినా పరిశోధకురాలు ఇట్టో నాలుకకి వేడి తప్ప ఏమీ తగలడం లేదు, కొన్నాళ్లుగా అన్నీ ఇంతే, సంతోషమూ లేదు నొప్పీ లేదు, అమ్మ దిష్టి అని పటిక కాల్చి చుట్టూ తిప్పింది, ఆ పొగా తగల్లేదు, ఎదురుగా తోటి పరిశోధకుడు జుహైర్ బాదం బిస్కెట్టు నములుతూ ఏం లల్లా ఇట్టో, రేపట్నుంచి మాతో మాట్లాడతావా, టీవీవాళ్లకే పలుకుతావా అంటున్నాడు, నవ్వాలి కాబట్టి నవ్వింది, సెమినార్ హాలు తెర మీద ఆమె గీసిన బొమ్మే, ఒక కృష్ణబిలం, దాంతో జతగా తిరిగే నక్షత్రం, నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు బిలం దగ్గర కాగి ఎక్స్‌రేలు చిమ్ముతుంది, కొంత ధారలా బయటికి ఎగిసి పరారుణ కాంతినిస్తుంది, ముందు ఎక్స్‌రే మినుకుతుంది, రెప్పపాటులోపే పరారుణం, అందరూ చూసింది అదే, ఇట్టో లెక్కలో మాత్రం పరారుణమే ముందొచ్చింది, ఇవాళ ప్రకటించబోయేది అదే, నిజమైతే పుస్తకాలు తిరగరాయాల్సిందే.

నిజం కాదు, పొద్దున స్పెయిన్‌లో ఆ పరారుణ కెమెరా కట్టిన ఇనెస్‌కి ఫోన్ చేసింది, ఒక్కో బొమ్మ మీద పడే సమయం బొమ్మ తీయడం ముగిసినప్పటిదేగా అంటే, కాదు, మొదలైనప్పటిది, ఇప్పుడెందుకు అడుగుతున్నావే అంది ఇనెస్, ముగిసినప్పటిదనుకునే ఇట్టో అన్నింటినీ కాస్త ముందరి సమయానికి జరిపింది, సరిచేసి చూస్తే పరారుణం బుద్ధిగా ఎక్స్‌రే వెనకాల నిలబడింది, కంప్యూటర్ మూసి, స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చేసింది, ఏడుపూ రాలేదు.

అదుగో ప్రొఫెసర్ లహ్సెన్, ఈ నెలతో రిటైరవుతున్నారు, పరారుణం ముందున్న ఆ గ్రాఫు గీత చూసిన రోజు కళ్లజోడు తీసి, బతుకంతా పరాయివాళ్లు కనిపెట్టిందే పాఠం చెప్పానమ్మాయ్, ఒక్కసారి మనం చెప్పేది వాళ్లు వింటారు అన్నారు, ఇవాళ భార్యని కూడా తీసుకొచ్చారు, ఆవిడ కొత్త కఫ్తాన్ వేసుకుని వచ్చి ఇట్టో నుదురు ముద్దుపెట్టుకుని, నీవల్ల ఈయన రాత్రుళ్లు హాయిగా నిద్రపోతున్నారే తల్లీ అంది, ఊరుకుంటే ఏమవుతుంది, ఏ ఏడాదికో ఎవరో తప్పు కనిపెడతారు, అప్పటికి ఆయన ఇంట్లో ఉంటారు, పేపర్లో చదువుతారు, ఒంటరిగా.

ఇట్టో, రా అమ్మాయ్, మైకు ముందు నుంచి లహ్సెన్ పిలుస్తున్నారు, లేచింది, కాళ్లు వాటంతటవే నడుస్తున్నాయి, ఇప్పుడెందుకు అడుగుతున్నావే, నిజమే, ఇప్పుడెందుకు, స్పెయిన్‌లో టెలిస్కోపు ఉన్న ఆ కొండమీద ఇనెస్ పక్కనే కూర్చుంది, అప్పుడే అడగొచ్చు, ఆ గ్రాఫు గీత వచ్చిన రోజు అడగబోయింది కూడా, ఫోన్ చేతిలోకి తీసుకుంది, పేరు దాకా వెళ్లింది, పక్కన పెట్టేసింది, ఈయన కళ్లు తుడుచుకుంటున్నారు అప్పుడు, ఆ రోజు నుంచే కదా ఏమీ తగలడం మానేసింది, దిష్టి కాదు, అలసట కాదు, తెలియక చేసిన తప్పు కూడా కాదు, ఉస్తాద్, ఆగండి, ఇది తప్పు, అంది, అని మైకు వదల్లేదు, అడిగితే పోతుందనే నేను అడగలేదు.