పోటు తగ్గాక రండి

పొద్దున్నే షట్టరెత్తగానే ధనశ్రీ చేసే మొదటి పని మానిటరు మీద ఉప్పు తుడవడం. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ఆ తర్వాతే అగరొత్తి, ఆ తర్వాతే స్విచ్చి. తుడవకుండా స్విచ్చేస్తే అక్షరాలు కళ్ళజోడు మర్చిపోయినవాడి ముందు పేపరులా అలుక్కుపోతాయి.

సీతమ్మధారలో శుభలేఖలకి కృష్ణంరాజుగారి డీటీపీ షాపు పెట్టింది పేరు. ఆయనది భీమవరం వైపు. స్టీల్‌ప్లాంటు ఉద్యోగం ముందుగానే వదిలేసుకుని వచ్చి, ఈ షాపు పెట్టి, ఈ ఒక్క కంప్యూటరూ కొన్నారు. అందులో విండోస్ తొంభై ఎనిమిది ఉంది. సముద్రం కూడా ఉంది. కొన్న రోజు నుంచీ ఉంది. పోటు వేళకి స్క్రీను అడుగునుంచి నీళ్ళు లేస్తాయి, ఆటు వేళకి దిగిపోతాయి. పోటు బాగా ఉన్నప్పుడు స్టార్టు బటను మునిగిపోతుంది, బాణం గుర్తు తేలుతూ తిరుగుతుంది, చెత్తబుట్టలోకి పీతలు దూరతాయి. అప్పుడు ధనశ్రీ ఒక అట్టముక్క తలుపుకి తగిలిస్తుంది: ‘పోటు తగ్గాక రండి.’

జనం వెళ్ళి, టీ తాగి, మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆ పేటలో కొన్ని వీధులకి కుళాయి పొద్దున వస్తుంది, కొన్ని వీధులకి సాయంత్రం వస్తుంది. ఈ షాపుకి సముద్రం వస్తుంది. అడగడానికేముంది?

ధనశ్రీ తల్లి పోతమ్మ జాలారిపేట నుంచి సత్తు బేసినులో చేపలు పెట్టుకుని సీతమ్మధార వీధులన్నీ తిరుగుతుంది. దారిలో షాపు ముందు బేసిను దించి, చీరకొంగుతో చేతులు తుడుచుకుని, లోపలికొచ్చి స్క్రీనుకేసి చూస్తుంది. నీటి రంగుని బట్టి బోట్లు ఎప్పుడు ఒడ్డుకొస్తాయో ఆమెకి తెలిసిపోతుంది. దానికన్నా ముఖ్యం, ఓ మూల జీలకర్ర గింజంత చుక్క ఒకటి కదులుతుంటుంది. ఆ చుక్కే బోటు, అందులో కొడుకు కన్నబాబు ఉంటాడు.

ఆ ఆషాఢంలో పోతమ్మ చూపు ఆ చుక్క మీదనుంచి ఒకపట్టాన మళ్ళేది కాదు. వేసవి వేట నిషేధం ఎత్తేసిన దగ్గర్నుంచీ కన్నబాబు వల బరువుగా లేచింది లేదు. పేటలో మగాళ్ళు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదికి పోవడానికి రైలు టిక్కెట్లు తీసుకున్నారు. పోతే మళ్ళీ వేసవికే రావడం. కన్నబాబూ తీసుకున్నాడు. “ఈ తూరి కూడా వల కాళీగా లేత్తే నానూ ఎల్లిపోతానే అమ్మా,” అని చెప్పి మరీ వేటకెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు గొడవ మొదలైంది.

మధురవాడలో కొత్తగా పెట్టిన ఆఫీసొకటి ఏడాది పొడుగునా టైపింగు పనిస్తానంది. వాళ్ళ మనిషి వచ్చి, వేలెడంత పెన్‌డ్రైవు గుచ్చి చూశాడు. తొంభై ఎనిమిది దాన్ని గుర్తుపట్టలేదు. పెళ్ళికి పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసి ఊరుకుంది. ఆ మనిషి నవ్వి, “శ్రావణం వచ్చేలోపు కొత్త విండోస్ ఎక్స్‌పీ ఎక్కించండి. లేకపోతే మా పని మరొకరికి పోతుంది,” అనేసి వెళ్ళిపోయాడు.

“ఆషాఢవంతా ఒక్క శుభలేఖ లేదండి,” అన్నారు కృష్ణంరాజుగారు, ఫ్యాను కింద లుంగీ సర్దుకుంటూ. ఆయన ఎవరితో మాట్లాడినా అండీ లేకుండా వాక్యం ముగిసేది కాదు. “ఈ పని కూడా పోతే, ఏవుందండి, కర్రీ పాయింటోడు అద్దెకి అడుగుతున్నాడు. ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను.”

ఆయన ఇంట్లో కూర్చుంటారు. మరి ధనశ్రీ? ఆమెకి మిగిలేది రొయ్యల షెడ్డు. ఇంటరు సెలవుల్లో అక్కడ పని చేసింది. ఐసులో వేళ్ళు మొద్దుబారి, అన్నం కలుపుకుంటే వేడో చల్లనో తెలిసేది కాదు.

“ఎక్కించేద్దాం రాజుగారూ,” అంది వెంటనే. “సన్నీని రమ్మంటాను.”

ఆ మాట వినేసరికి పోతమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. “మరి సముద్రవో?”

“పోవచ్చు,” అంది ధనశ్రీ, తల్లి మొహం చూడకుండా.

“పోవచ్చా! నీ అన్న అందులో ఉన్నాడే గుంటా!”

ధనశ్రీ డిగ్రీలో వాదన పోటీకి నిలబడి, ‘పాతదే మేలు’ అన్న పక్షాన్ని చిత్తుగా ఓడించి కప్పు తెచ్చుకున్న మనిషి. ఆ కప్పులో ఇప్పుడు పోతమ్మ ఉప్పు పోసుకుంటోంది, అది వేరే సంగతి. వాదన మాత్రం గొంతులోనే ఉంది. “పాతది మంచిదని ఎవరంటారో తెలుసా అమ్మా? దాంతో పని చెయ్యనివాళ్ళంటారు. పగలంతా దీని ముందు కూర్చునేది నేను. సగం కార్డు కొట్టేసరికి బిగుసుకుపోతుంది. పెళ్ళికొడుకు పేరు కొట్టి, పెళ్ళికూతురి పేరు కొట్టేలోపు ఆగిపోతుంది. వియ్యాలవారొచ్చి నా మీద అరుస్తారు. ఈ ఊళ్ళో అందరూ కొత్తదానికి మారిపోతుంటే మనం నీళ్ళు చూస్తూ కూర్చుందామా?”

“మారొద్దని ఎవులన్నారు? మారితే ఏటొత్తాది?”

“బిగుసుకోదు. ఫొటోలు వేగంగా వస్తాయి. మధురవాడ పని వస్తుంది. నేను షెడ్డుకి పోనక్కర్లేదు.”

పోతమ్మ చూపు కూతురి చేతుల మీదికి దిగింది. షెడ్డు నుంచి వచ్చిన కూతురి వేళ్ళకి కొబ్బరినూనె రాసింది ఆమే.

“పోయేదేటి మరి?” అంది మెల్లిగా.

“శుభలేఖల పాత అక్షరాలు కొన్ని పని చెయ్యకపోవచ్చు. స్కానరు మొరాయించొచ్చు. ఇంకా...” ధనశ్రీ వేలు స్క్రీను మూలకి వెళ్ళి ఆగింది. జీలకర్ర గింజ అక్కడే ఊగుతోంది.

సన్నీ ఆదివారం పొద్దున వచ్చాడు. అతనిదీ జాలారిపేటే, కన్నబాబుతో కలిసి ఈత నేర్చుకున్నవాడు. వల వదిలేసి స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. కంప్యూటరు విప్పి చూసి పెదవి విరిచాడు.

“పైపైన ఎక్కించడానికి లేదు రాజుగారూ. డిస్కులో చోటేదీ? సగం సముద్రమే ఉంది. మొత్తం తుడిచేసి కొత్తగా ఎయ్యాల.”

“తుడిసేత్తావా!” పోతమ్మ లేచింది. “ఒరే సన్నీ, మీ బావున్నాడురా అందులో!”

“ఉండత్తా, ముందు బ్యాకప్ తీత్తాను. ఎవడైనా బ్యాకప్ తియ్యకుండా తుడుత్తాడేటి?”

ఫ్లాపీలు పెట్టాడు. సముద్రం వాటికేసి చూడనైనా లేదు. సీడీ పెట్టాడు. ట్రే బయటికొచ్చేసరికి దాని మీద కాస్త నురుగు, ఒక గవ్వ ఉన్నాయి. “నురుగొక్కటే ఎక్కింది,” అన్నాడు సన్నీ, సీడీ విదిలిస్తూ. “మిగతాది పట్టదు.”

“పోనీ నిషేధం వచ్చేదాకా ఆగుదావండి,” అన్నారు కృష్ణంరాజుగారు. “అప్పుడు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కదండీ. ఎవరికీ భయం ఉండదు.”

“నిషేధం వేసవికండీ. మధురవాడవాళ్ళు శ్రావణానికి అడిగారు,” అంది ధనశ్రీ.

ఫ్యాను తిరుగుతోంది. స్క్రీనులో నీళ్ళు అప్పుడే వెనక్కి తీయడం మొదలెట్టాయి, స్టార్టు బటను సగం పైకి తేలింది. పోతమ్మ వాటికేసి చాలాసేపు చూసింది. తర్వాత బయటికెళ్ళి, బేసినులో మిగిలిన చేపలు పక్కింటి గట్టు మీద ఆకు పరిచి పెట్టి, బేసినుని కుళాయి కింద కడిగి లోపలికి తెచ్చింది.

“కొత్త వల కట్టినప్పుడు పాత వలని అలాగే పారెయ్యం గదా,” అంది. “ముందు దాన్ని నీళ్ళ మీద తేల్చే బెండ్లు ఇప్పుకుని కొత్తదానికి కడతాం. బెండ్లు ఇప్పకుండా వల పారేసినోడు మా పేటలో లేడు. ఇదీ అంతే. సముద్రాన్ని దీన్లోకి వంచీండి. తరవాత మీ ఇట్టవొచ్చింది ఎక్కించుకోండి.”

సన్నీ తల గోక్కున్నాడు. “సీపీయూలోంచి వంచాలా, మానిటర్లోంచి వంచాలా అత్తా?”

“నీళ్ళు అగుపించే కాడ్నుంచి వంచాల. కుండ అడుగుకి సిల్లు పెట్టి నీళ్ళు తాగుతావేటి నువ్వు? ఇప్పుడొద్దు, ఆటుకి నీళ్ళు పూర్తిగా దిగాల. పోటు మీద వంచితే ఈది ఈదంతా మునిగిపోద్ది.”

ఆగారు. కృష్ణంరాజుగారు అందరికీ టీ చెప్పించారు. నీళ్ళు దిగి దిగి, స్క్రీను అడుగున ఓ పట్టీలా నిలబడ్డాయి. పోతమ్మ నేల మీద కూర్చుని బేసినుని ఒళ్ళో పెట్టుకుంది. కృష్ణంరాజుగారు ఒకవైపు, సన్నీ ఒకవైపు ఆ లావుపాటి మానిటర్ని ఎత్తారు. ధనశ్రీ వైర్లు పట్టుకుంది. ఆమె కళ్ళు మూల ఉన్న చుక్క మీదే ఉన్నాయి. నేనే కదా మారుద్దామన్నాను, అనుకుంది. ఇప్పుడు ఏదైనా అయితే ఆ మాట ఏ కప్పులో పెట్టి దాచుకోను?

“నిదానం,” అంది పోతమ్మ. “పసిపిల్లకి నీళ్ళోసినట్టు.”

వంచారు. మొదట ఉప్పుగాలి వచ్చింది. తర్వాత నీళ్ళు అద్దం అంచు దాటి, చప్పుడు లేకుండా, నీలంగా, మందంగా బేసినులోకి దిగాయి. అంతా బాగానే సాగుతుండగా సన్నీ వేళ్ళు తడికి జారాయి. మానిటరు ఒక్కసారిగా ఎడమవైపుకి ఒరిగింది. మిగిలిన సముద్రమంతా ఆ మూలనుంచి దభాలున పడింది.

“సచ్చినోడా!” అని అరిచింది పోతమ్మ, బేసినుని అటువైపు జరుపుతూ. ఒక్క బొట్టు కింద పడనివ్వలేదు. కానీ బేసిను నిండా నురుగే. చుక్క లేదు.

ధనశ్రీ వైర్లు వదిలేసి పక్కన కూర్చుంది. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఆ నురుగుకేసి చూశారు. వేలు పెట్టాలంటే భయం. ఊదాలంటే భయం. నురుగు తనంతట తను, బుడగ తర్వాత బుడగ, విరిగింది. దాని అడుగునుంచి జీలకర్ర గింజంత బోటు పైకి తేలి, అటూ ఇటూ ఊగి, సర్దుకుని, తన దారిన తను కదిలింది.

“పంది,” అంది పోతమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ. “సిన్నప్పట్నుంచీ ఇంతే. పిలిత్తే బేగి పలకడు.”

మధ్యాన్నానికి ఎక్స్‌పీ ఎక్కింది. స్క్రీను నిండా పచ్చటి కొండ, పైన తెల్ల మబ్బులు. పెన్‌డ్రైవు గుచ్చగానే గుర్తుపట్టింది. శుభలేఖల అక్షరాలు కొన్ని నిజంగానే పోయాయి. స్కానరు నిజంగానే మొరాయించింది. సన్నీ దాన్ని రెండు తిట్లు తిట్టి దారికి తెచ్చాడు.

“గడ్డి బాగుంది,” అంది పోతమ్మ కొండని చూసి. “గొర్లేవీ?”

బేసినుని మానిటరు దగ్గరికి తీసుకొచ్చారు, సముద్రాన్ని మళ్ళీ అందులో పోద్దామని. స్క్రీను మూల బుడగొకటి లేచి, కొత్త పరికరం ఏదో కనబడిందనీ, దానికి కావలసింది తన దగ్గర లేదనీ చెప్పింది. సన్నీ వెతికాడు. నెట్ సెంటరుకెళ్ళి మరీ వెతికి వచ్చాడు. సముద్రానికి డ్రైవరు ఎక్కడా లేదు.

“దాన్ని బతిమాలడవేటి?” అంది పోతమ్మ. “ఇన్నాళ్ళూ మీ పెట్టిలో ఉంది. ఇక నా కాడుంటాది.” తలమీద గుడ్డచుట్ట పెట్టుకుని సముద్రాన్ని ఎత్తుకుంది.

సిటీ బస్సులో కండక్టరు ఆపాడు. “చేపలకి లగేజీ టిక్కెట్టు తియ్యాలమ్మా.”

“సేపలు కావు నాయనా, సముద్రం.”

కండక్టరు తొంగి చూశాడు. “నీళ్ళకి టిక్కెట్టు లేదులే. ఒలక్కుండా కూర్చో.”

కన్నబాబు బోటు మంగళవారం ఒడ్డుకొచ్చింది. పోతమ్మ బేసినులో ముందే చూసుకుని జెట్టీ మీద నిలబడి ఉంది, పక్కన ధనశ్రీ కూడా. బోటు నీళ్ళలో బాగా కిందికి దిగి వస్తోంది. అంత బరువుగా రావడం పేట చూసి చాన్నాళ్ళయింది. వంజరాలు, సందువాలు, అడుగున పట్టక పైన కుప్పపోసినవి.

“ఏటయ్యిందో తెల్దే అమ్మా,” అన్నాడు కన్నబాబు, ఇంకా ఆశ్చర్యం తీరని మొహంతో. “ఆదోరం పగలు, సముద్రం ఒక్కపాలి ఎడమేపుకి ఒరిగిపోయింది. బోటు ఒరగనేదు, సముద్రమే ఒరిగింది. గాలంతా సత్తుగిన్నె వాసన. ఎక్కడెక్కడి సేపలూ జారుకుంటా వొచ్చి మా వలలో పడ్డాయి. ఇంకోపాలి ఒరుగుతాదేటని సూసినాం. ఒరగనేదు.”

ధనశ్రీ నవ్వు ఆపుకుంటూ తల్లికేసి చూసింది. “సన్నీగాడి సెయ్యి జారింది,” అంది పోతమ్మ. కన్నబాబు తలూపాడు. అలాగా అన్నట్టు.

బోటు యజమాని ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, ముసలి సరంగు ఇక నడపలేనంటున్నాడనీ, బోటు నువ్వే నడపమనీ కన్నబాబుతో అన్నాడు. వెరావల్ రైలు కూత పెట్టి వెళ్ళిపోయిన రోజు కన్నబాబు అరుగు మీద వల కడుతున్నాడు. పాత వల బెండ్లు విప్పి కొత్తదానికి వరసగా ముడేస్తున్నాడు. పక్కింటి చిట్టమ్మ కొడుకు నూకాలు కూడా ఆ రైలెక్కలేదు, కన్నబాబుని చూసి ఈ ఏటికి ఆగుదామనుకున్నాడు. అతని వల మాత్రం ఇంకా తేలిగ్గానే లేస్తోంది.

శ్రావణంలో షాపులో చోటు చాలలేదు. మధురవాడ పని, శుభలేఖల పని. అట్టముక్క తీసి అటకమీద పడేశారు. దానికోసం పాత గిరాకీలు కొందరు అడిగారు కూడా, టీ తాగడానికి సాకు పోయిందని. ధనశ్రీ పొద్దున్నే మానిటరు తుడవనక్కర్లేదు. అయినా చెయ్యి ఊరుకోదు, గుడ్డ పట్టుకుంటుంది.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి పోతమ్మ అరుగు మీద బేసిను ముందు కూర్చుని ఉంది. పక్కన చిట్టమ్మ. ఇద్దరూ నీళ్ళలోకి వంగి ఏదో చూస్తున్నారు.

“ఒసే ధనా,” అంది పోతమ్మ తలెత్తకుండా. “ఈ ఎక్స్‌పీ తరవాతది ఎప్పుడొత్తాదంట?”

“ఇంకా తయారు చేస్తున్నారంట అమ్మా.”

“బేగి సెయ్యమను. ఈ తూరి కుడేపుకి వంచాల. చిట్టమ్మ కొడుకు బోటు అటుంది.”