మా ఇంట్లో ‘రా’ నిషేధం

కుక్కపిల్లను ఏడాది పెంచి, చూపులేని మనిషికి దారి చూపడానికి ఇచ్చేస్తానని ఒప్పుకున్నది నేనే. బుద్ధి గడ్డి తిని ఒప్పుకున్నాను. మొదటి వారంలోనే వాడు నేను కుడుతున్న మూడు చొక్కాల కాలర్లు, కొలతల టేపు, మా అత్తగారి కళ్ళజోడు పెట్టె నమిలేశాడు. ఆ దర్జా చూసి దొరగారని పేరు పెట్టాం.

అసలు చిక్కు నమలడంతో కాదు, ‘రా’తో వచ్చింది. రా, కూర్చో, ఆగు అనే మూడు మాటలు నేర్పమని, వాణ్ణి మాకిచ్చిన కుక్కల బడి ట్రైనరమ్మ చెప్పింది. దొరగారు మొదటిదానితో సరిపెట్టుకున్నాడు. మా అత్తగారికేమో ‘రా’ తగిలించకుండా మాట పూర్తికాదు.

“పోరా వెధవా!” అంటే వాడు పరుగెత్తుకొచ్చి ఆవిడ పాదం మీద కూర్చునేవాడు. “వద్దురా, దిగరా!” అంటే ఒళ్ళోకే ఎక్కేవాడు.

“వాణ్ణి పిలవడానికి తప్ప ఈ ఇంట్లో ఎవరూ ‘రా’ అనకూడదు” అని ట్రైనరమ్మ తేల్చేసింది.

మర్నాడు పొద్దున అత్తగారు పళ్ళు బిగబట్టి కొడుకును లేపింది. “లేవండి. కాఫీ తాగండి.”

మా ఆయన దుప్పటి తీసి బిక్కమొహం వేశాడు. “అమ్మా, నేనేం చేశాను?”

“నోరు మూసుకోండి” అంది ఆవిడ.

ఏడాది తిరిగేసరికి దొరగారికి బుద్ధొచ్చింది, నాకు పోయింది. నేను మిషను దగ్గర కూర్చుంటే చాలు, వచ్చి కుర్చీ కింద గుర్రుపెట్టేవాడు. ఆరు నెలల శిక్షణకని బడివాళ్ళు తీసుకెళ్తే ఇల్లంతా బావురుమంది. పరీక్ష తప్పిన కుక్కను పెంచినవాళ్ళకే ఇచ్చేస్తారు. చూపులేని టెలిఫోన్ ఆపరేటర్ ఒకావిడ కుక్క కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తోందని నాకు తెలుసు. తెలిసీ, వాడు తప్పాలనే కోరుకున్నాను.

పరీక్ష రోజున ఆపరేటరమ్మ వాడి పట్టీ పట్టుకుని రోడ్డు అంచున నిలబడింది. అవతలి వైపు నేను, నా పక్కన ట్రైనరమ్మ. పెంచినవాళ్ళు కనబడినా వాడు పని మరవకూడదు, మేం నోరు విప్పకూడదు. వాడు నన్ను చూశాడు. తోక ఒక్కసారి ఆడింది. ఇక నా వల్ల కాలేదు.

“రా!” అని అరిచాను.

వాడు రాలేదు. ఆపరేటరమ్మ అడుగు వెయ్యబోతే ఆవిడ మోకాళ్ళకు అడ్డంగా నిలబడిపోయాడు. చప్పుడు లేని బ్యాటరీ స్కూటరొకటి వాళ్ళ ముందునుంచి దూసుకుపోయింది. దాన్ని నేను చూడనే లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రోడ్డు ఖాళీ అయ్యాక ఇద్దరూ నెమ్మదిగా దాటి వచ్చారు.

“ఇందాక వీణ్ణి పిలిచిందెవరండీ?” అని అడిగింది ఆపరేటరమ్మ.

ట్రైనరమ్మ నా వంక గుర్రుగా చూసింది.

“నేనే. పెంచినదాన్ని.”

ఆవిడ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. “మీరు పిలిస్తేనే రాలేదంటే, నన్ను వదిలి ఇంకెవరి దగ్గరికీ వెళ్ళడు కదండీ!” అంది సంబరంగా.

“వెళ్ళడండీ” అన్నాను.